గున్నమ్మ ఓడ ప్రయాణం

సముద్రం ఒడ్డున పుట్టి, సముద్రం ఒడ్డునే కాపురం చేసి, సముద్రంలో దొరికిన చేపనే నెత్తిన మోసి పిల్లల్ని సాకిన గున్నమ్మ, తల నెరిసేదాకా నీటి మీద ఒక్క అడుగు వెయ్యలేదు. వింటే నవ్వొస్తుంది. ఉద్దానం తీరంలో వాళ్ళ పల్లెలో ఆడవాళ్ళు పడవెక్కరు. ఎక్కితే గంగమ్మకి కోపం వస్తుందట. వేట పోతుందట, పడవ మునిగిపోతుందట. వలలో పడ్డ చేపని గంపకెత్తి, ఎండలో ఊళ్ళు తిరిగి అమ్మి, ఆ డబ్బుతో పడవకి తారు కొనిపెట్టేది ఆడవాళ్ళే. ఆ తారు పూసిన పడవని తాకితే మాత్రం అపచారం. గంగమ్మ కూడా ఆడదే కదా అని ఆ ఊళ్ళో ఇంతవరకు ఎవరికీ తోచలేదు. తోచిన వాళ్ళెవరైనా ఉంటే నోరు మూసుకుని బతికారు.

గున్నమ్మ ఒక్కసారి తెలియక తప్పు చేసింది. కాపురానికి వచ్చిన కొత్తలో, మిట్టమధ్యాహ్నం గంప దించి, ఒడ్డున ఇసకలో బోర్లించకుండా ఉన్న మొగుడి పడవలో నీడ పక్కకి కూర్చుంది. నీళ్ళు అక్కడికి చాలా దూరం. పడవ కదిలింది లేదు, మెదిలింది లేదు. మొగుడు సూరయ్య చూశాడు. జుట్టు పట్టుకుని పడవలోంచి ఇసకలోకి ఈడ్చాడు. వలలు బాగుచేసుకుంటున్న మగాళ్ళంతా చూస్తుండగానే తాడుతో కొట్టాడు. తర్వాత పడవని పసుపునీళ్ళతో కడిగించి కోడిని కోశాడు. ఆ కోడిని వండింది గున్నమ్మే. ఆ వారం వేట సరిగ్గా పడకపోతే గున్నమ్మ పాపం అన్నారు. పై వారం వల నిండా పడితే గున్నమ్మ పుణ్యం అని ఒక్కడూ అనలేదు.

ఆ దెబ్బలు మానిపోయాయిగాని కోరిక ఒకటి మిగిలిపోయింది. వేట నుంచి వచ్చిన మగాళ్ళు చెప్పేవారు, "లోపలికెల్తే నాలుగు పక్కలా నీళ్ళే. ఒడ్డు అగుపడదు" అని. ఆ మాట గున్నమ్మ గుండెలో కూర్చుంది. ఒక్కసారి, ఒక్క పూట, తనూ అలాంటి చోట నిలబడాలి. నగలడగలేదు, మిద్దె అడగలేదు. కాని అడగకూడనిది అదే కాబట్టి ఎవరినీ అడగలేదు.

కొడుకుల్ని మొదటిసారి సముద్రం మీదికి పంపేటప్పుడు ఆ ఊళ్ళో ఒక పద్ధతుంది. పడవ ముక్కు మీద కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు ఒక్క చుక్క కింద పడకుండా కుర్రాడి చేత తాగిస్తారు. ఒడ్డున పూజ చేసుకున్న పడవలెన్ని ఉంటే అన్ని కాయలు. తాగితే గంగమ్మ బిడ్డ అయినట్టు. ఇక సముద్రం వాడిని ఏమీ చెయ్యదు. ఆ నీళ్ళు ఆడవాళ్ళకి పెట్టరు. పెద్దకొడుకు శివాజీ తాగినప్పుడు, చిన్నకొడుకు వినోద్ తాగినప్పుడు గున్నమ్మ మిగతా ఆడవాళ్ళతో కలిసి వెనకాల నిలబడి చూసింది. శివాజీ తాగిన మూడేళ్ళకి తుఫాన్లో పోయాడు. గంగమ్మ తన బిడ్డని తన దగ్గరికే తీసుకుపోయిందన్నారు. దేనికైనా ఒక మాట ఉంటుంది ఊళ్ళో.

తర్వాత కిడ్నీ జబ్బు వచ్చింది. ఉద్దానంలో ఆ జబ్బు ఇంటింటికీ చుట్టమే. పెద్ద పెద్ద డాక్టర్లు కార్లలో వచ్చి నీళ్ళు పట్టుకెళ్ళారు, రక్తం పట్టుకెళ్ళారు, కారణం మాత్రం పట్టుకురాలేదు. గున్నమ్మకి ముందు కాళ్ళు వాచాయి, తర్వాత అన్నం చూస్తే వాంతి వచ్చింది, ఆ తర్వాత బుధవారం ఒకసారి శనివారం ఒకసారి టెక్కలి వెళ్ళి మిషను పక్కన మంచం మీద పడుకోవడం వచ్చింది. సూది గుచ్చే చేత్తో బరువు మొయ్యకూడదన్నారు. గంప అటకెక్కింది. కూతురు రాణి వారానికి రెండుసార్లు తల్లిని ఆటోలో తీసుకెళ్ళేది. సూరయ్య ఒక్కసారీ వెళ్ళలేదు. ఆస్పత్రి వాసన పడదట. కుళ్ళిన చేపల మధ్య బతికిన ముక్కుకి ఆస్పత్రి వాసన పడదట!

డయాలసిస్ దగ్గర నర్సు లీలారాణి శ్రీకాకుళం బాప్టిస్టు చర్చి వాళ్ళమ్మాయి. మెత్తగా మాట్లాడేది, గట్టిగా చెప్పేది. ఉప్పు వద్దు. ఉప్పుచేప మాట ఎత్తొద్దు. పచ్చడి వద్దు, అరటిపండు వద్దు. కూర ఉడికించి ఆ నీళ్ళు పారబొయ్యాలి. రోజంతటికీ ఒక్క చెంబుడు మంచినీళ్ళు.

"నీళ్ళెక్కువైతే ఆయాసమొస్తాది. పరుగెత్తుకొస్తే మిషనెట్టి లాగేస్తాం. కొబ్బరినీళ్ళు అలాక్కాదమ్మా. దాన్లో ఉన్నది ఒంట్లోంచి పోదు. గుండెని పట్టేస్తాది. తెల్సిందా?"

తెలిసింది. చెవితో కాదు, కంటితో తెలిసింది. పక్క మంచం నూకయ్య వేసవిలో వియ్యాలవారింటికి వెళ్తే, పాపం ఎండలో వచ్చాడని మర్యాదగా బొండాలు కొట్టి ఇచ్చారు. సలవ చేస్తుందన్నారు. శనివారం నూకయ్య మంచం మీద ఇంకెవరో ఉన్నారు. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు పెట్టుకుని, కొబ్బరి ముట్టొద్దంటే ఆ ఊళ్ళవాళ్ళు ఏం తాగుతారు, ఎవరికి మర్యాద చేస్తారు? అయినా గున్నమ్మ ఆ రోజు నుంచి కొబ్బరిముక్క వాసన చూడలేదు.

కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు. గున్నమ్మకి పుట్టిన కొడుకే నడిచొచ్చాడు. వినోద్ వేట మానేసి విశాఖపట్నంలో హోటలు వంటింట్లో పనికి కుదిరాడు. అక్కడి నుంచి, కొత్తగా విహార ఓడ తిప్పుతున్న ఒక కంపెనీ వాడిని వంటింటి పనికి తీసుకుంది. శుక్రవారం సాయంత్రం రేవు వదిలిపెట్టి, సముద్రంలో రెండు రాత్రులు తిరిగి, ఆదివారం పొద్దున్న మళ్ళీ అదే రేవుకి వచ్చే ఓడ అది. కొత్త కావడంతో గదులు నిండలేదు. పనివాళ్ళు తల్లిదండ్రుల్ని తెచ్చుకోవచ్చన్నారు. వినోద్ ఫోన్లో కాదు, స్వయంగా బస్సెక్కి వచ్చి చెప్పాడు.

"అమ్మా, ఓడెక్కుతావేటి?"

గున్నమ్మ బియ్యంలో రాళ్ళేరుతోంది. చెయ్యి ఆగిపోయింది. మొగుడి వైపు చూసింది.

"ఎక్కడికెల్తాదిరా ఆ ఓడ?" అన్నాడు సూరయ్య.

"ఎక్కడికీ ఎల్లదు నాన్నా. తిరిగొచ్చేస్తాది."

"సేపలు పట్టదు, సరుకు దించదు, ఎక్కడికీ ఎల్లదు. మరెందుకురా?"

"సూడ్డానికి."

"సముద్రాన్ని సూడ్డానికి డబ్బులిచ్చి ఓడెక్కుతారేటి? ఎదవలు! మీయమ్మ ఏటి, ఎక్కడేటి? ఆడదాన్ని నీటి మీదికి తోలమంటావా?"

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు. అయితే వినోద్ తండ్రిని ఎరుగును. "అమ్మ కోసమే గది అడిగాను నాన్నా. అమ్మ రాకపోతే నీకూ నేదు" అని వెళ్ళిపోయాడు. సూరయ్య నాలుగు రోజులు గొణిగాడు. అయిదో రోజు, తోటి పడవ పెద్ద కూర్మయ్య, "ఓరి సూరీ, మనూళ్ళో అంత పెద్ద ఓడెక్కే మొదటోడివి నువ్వేరా" అన్నాడు. ఆ మాట కల్లుకంటే బాగా ఎక్కింది. ఇంటికొచ్చి, "సరే, ఎల్దాం. ఏటైతే అదైతాది" అన్నాడు. కొడుకు మాట కోసం కాదు, గున్నమ్మ కోసం కాదు, కూర్మయ్య మాట కోసం ఒప్పుకున్నాడు. అయినా గున్నమ్మకి మొగుడు దేవుడిలా కనిపించాడు. అలవాటు లేని మనిషికి మెతుకు పడినా విందే.

అప్పటి నుంచి గున్నమ్మ ఇంట్లో ఓడ ప్రయాణం ఒక యజ్ఞం అయింది. బుధవారం మిషను ఎక్కి, శనివారానికి బదులు ఆదివారం మధ్యాహ్నం ఎక్కుతానంటే డాక్టరు ముందు నవ్వాడు. "ఓడా? నువ్వా? ఏం పెద్దమ్మా, పైకి పోయే ముందు షికారా?" అన్నాడు. డాక్టరే కదా, ఏమన్నా చెల్లుతుంది. గున్నమ్మ కూడా నవ్వి, మంచం దిగకుండా ఆయన వైపే చూస్తూ కూర్చుంది. ఆమె కదలదని తెలిశాక రక్తం పరీక్షలు చూశాడు. "నెల్లాళ్ళు నోరు కట్టుకో. ఒంట్లో నీరు చేరకుండా ఉంటే అప్పుడు రాసిస్తాను" అన్నాడు.

గున్నమ్మ నోరు కట్టుకుంది. చెంబుడు నీళ్ళని ముప్పావు చెంబు చేసింది. నాలుక పిడచకట్టుకుపోతే తడిగుడ్డ పెదవులకి అద్దుకుంది. సొరకాయ ముక్కలు రెండుసార్లు ఉడికించి రెండుసార్లు వార్చి, చప్పిడి అన్నంలో కలుపుకుని మందు మింగినట్టు మింగింది. ఇంట్లో మిగతావాళ్ళకి నెత్తళ్ళ పులుసు తనే వండేది. ఉప్పు చూడమని కూతురికి ఇచ్చేది. మరదలు పద్మకుమారి గుమ్మంలో కూర్చుని వక్కలు నములుతూ ఎగతాళి చేసేది.

"ఉప్పు నేని కూడు ఇంట్లో తింటే సాలదేటి వదినా? దానికి ఓడెక్కాలేటి?"

"ఎక్కాలే. ఎక్కి తింటాను."

నెల తిరిగేసరికి డాక్టరు కాగితం రాసిచ్చాడు. లీలారాణి వినోద్‌తో ఫోన్లో మాట్లాడి ఏమి వండాలో, ఎలా వార్చాలో చెప్పింది. ఓడలో పెద్ద వంటవాడు, ఉప్పు లేకుండా వండడం వంటకే అవమానం అని విసుక్కుని, చివరికి వినోద్‌నే వండుకోమన్నాడు. రాణి తల్లికి కొత్త చెప్పులు కొంది, ఓడలో వట్టికాళ్ళతో తిరగనివ్వరేమో అని. చెప్పులు ఎరగని గున్నమ్మ వాటితో ఇసకలో నడక నేర్చుకుంటుంటే పిల్లలు వెంటబడి నవ్వారు. లీలారాణి ఆ బుధవారం సూది తీసి, చేతికి కట్టు కడుతూ చివరిసారి చెప్పింది.

"అన్నీ బాగున్నాయమ్మా. ఎల్లిరా. నోరొక్కటి జాగ్రత్త. ఎవులేటిచ్చినా తాగకు."

"తాగను సిస్టరమ్మా. ఒట్టు."

శుక్రవారం పొద్దున్న గున్నమ్మ తలస్నానం చేసి, జరీ అంచు చీర కట్టుకుని, ఇంట్లో దేవుడికి దణ్ణం పెడుతుంటే ఒడ్డు నుంచి పిలుపొచ్చింది. సూరయ్య రమ్మంటున్నాడట. రాణి లోపల చప్పిడి అన్నం డబ్బాలో సర్దుతోంది. గున్నమ్మ ఒక్కతే వెళ్ళింది.

ఒడ్డున మూడు పడవలు వరసగా ఉన్నాయి. మూడింటికీ పసుపు రాసి, బొట్లు పెట్టి ఉంది. ఒకదాని ముందు సూరయ్య, ఒకదాని ముందు కూర్మయ్య, మరోదాని ముందు పోతురాజు. ముగ్గురి చేతుల్లోనూ కొబ్బరికాయలు. చుట్టూ ఊళ్ళో మగాళ్ళు. ఆడవాళ్ళు అలవాటు ప్రకారం దూరంగా వెనకాల.

"ఇలా రాయే. ముందుకి రా" అన్నాడు సూరయ్య.

గున్నమ్మ కాళ్ళు పడవకి అంత దగ్గరగా పోవడానికి జంకాయి. ఆ ఇసకలోనే జుట్టు పట్టుకుని ఈడ్చాడు. ఆ చెయ్యే ఇప్పుడు రమ్మంటోంది. వెళ్ళింది. సూరయ్య పడవ ముక్కు మీద కాయ కొట్టి, చిప్ప ఒక్క చుక్క ఒలక్కుండా పట్టుకుని ఆమె ముందు పెట్టాడు.

"తాగు."

"మావా, కొబ్బరినీళ్ళు వద్దన్నారు కదా."

"ఇవి కొబ్బరినీళ్ళేటే? గంగమ్మోరి నీళ్ళు. నీళ్ళు తాగకుండా నీటి మీదికెల్తావా? ఏటైనా అయితే ఓడలో ఉన్నోల్లందరి ఉసురూ ఎవుడికి తగుల్తాది?"

లీలారాణి చెప్పింది గున్నమ్మ మరిచిపోయిందనుకోకండి. అక్షరం అక్షరం గుర్తుంది. నూకయ్య ఖాళీ మంచం కూడా కళ్ళ ముందు కనిపిస్తూనే ఉంది. కాని ఆ చిప్ప మగాళ్ళది. తన ఇద్దరు కొడుకులు తాగిన చిప్ప అది. వాళ్ళని కన్న ఒంటికి మాత్రం పనికిరాదన్న చిప్ప. దాన్ని మొగుడు రెండు చేతులా పట్టుకుని, ఊరందరి ముందు, తన నోటి దగ్గరికి తెచ్చాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి ఆమెకి చేతులెత్తి ఏదైనా ఇచ్చింది అదే మొదలు. వద్దంటే ఇంకెప్పుడూ ఇవ్వడు. వద్దంటే ఓడ కూడా లేదు, అది ఆయన కళ్ళలో కనిపిస్తూనే ఉంది.

గున్నమ్మ తాగింది. నెల్లాళ్ళుగా ఎండిపోయిన గొంతులో ఆ నీళ్ళు తియ్యగా, చల్లగా దిగాయి. ఎంత బాగున్నాయంటే ఆమెకి ఏడుపొచ్చింది. కూర్మయ్య రెండో కాయ కొట్టాడు. అదీ తాగింది. పోతురాజు మూడో కాయ కొట్టి, "అయిపోయింది వదినా, ఇంక నువ్వు గంగమ్మ బిడ్డవే" అన్నాడు. మగాళ్ళంతా ఒక్కసారి కేక పెట్టారు. ఆ కేక తన కోసం. గున్నమ్మ జన్మలో అంత గౌరవం ఎరగదు, అంత సంతోషమూ ఎరగదు. దూరంగా నిలబడ్డ పద్మకుమారి నోట్లో వక్క అలాగే ఉండిపోయింది.

రాణి పరుగెత్తుకొచ్చేసరికి ఇసకలో చిప్పలున్నాయి.

"అమ్మా! తాగేసినావేటి? అన్నీనా? నాన్నా, నీకు బుద్ధుందా? సంపేస్తావా ఏటి మాయమ్మని?"

"నోర్ముయ్యే! గంగమ్మోరి నీళ్ళు తాగి సచ్చినోడు ఈ ఊళ్ళో ఎవుడున్నాడు?" అన్నాడు సూరయ్య. శివాజీ పేరు ఎవరూ ఎత్తలేదు.

విశాఖపట్నానికి మాట్లాడుకున్న కారెక్కగానే రాణి టెక్కలి ఆస్పత్రి వైపు పోనిమ్మంది. "ఆస్పత్రికెల్తే ఇయాల ఓడ పోతాది" అంది గున్నమ్మ. అని, కూతురి చెయ్యి పట్టుకుంది. "నాకేటీ అవ్వనేదే. సూడు, బాగున్నాను. ఓడ దిగాక నువ్వెక్కడికి తీసుకెల్తే అక్కడికొస్తాను." సూరయ్య ముందు సీట్లో కూర్చుని తిన్నగా పోనిమ్మన్నాడు. కారు నడిపేవాడు మగాడి మాట విన్నాడు.

నరసన్నపేట దాటేసరికి గున్నమ్మ పెదవులకి తిమ్మిరెక్కింది. శ్రీకాకుళం దగ్గర నాగావళి వంతెన మీద ఉండగా పాదాలు తనవి కానట్టు తోచింది. వంగి రెండు చేతులా నొక్కుకుంది.

"కాళ్ళెందుకలా నొక్కుకుంతన్నావు?" అంది రాణి.

"కొత్త సెప్పులు కదే. కరుస్తన్నాయి."

గుండె ఒకసారి కొట్టుకుని, ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ కొట్టుకుంటోంది. గున్నమ్మకి అర్థమైంది. భయపడలేదంటే అబద్ధం, చాలా భయపడింది. కాని ఆమె లెక్క వేరు. సాయంత్రం దాకా ఓర్చుకుంటే చాలు. ఒక్కసారి ఓడెక్కి, ఒడ్డు కనిపించని చోటికి వెళ్ళాక ఏమైనా కానీ. ఓడ మీద చస్తే ఓడ మీదే కదా చచ్చేది అనుకుంది. పళ్ళు బిగబట్టి, కిటికీ బయట దుకాణాలు చూస్తూ కూర్చుంది.

రేవులో ఓడ కనబడగానే ఆ భయం కూడా పోయింది. ఓడ కాదది, తెల్లగా సున్నం వేసిన వీధిని నిలబెట్టినట్టుంది. మెట్ల దారిలో జనం ఎక్కుతున్నారు. గున్నమ్మ చూపు ఆడవాళ్ళ మీదే ఉంది. ప్యాంట్లు వేసుకున్న అమ్మాయిలు ఎక్కుతున్నారు. చంటిపిల్లతో ఒక తల్లి ఎక్కుతోంది. చక్రాల కుర్చీలో ఒక ముసలమ్మని ఎత్తి ఎక్కించారు. పైన తెల్లదుస్తుల్లో, భుజం మీద బంగారు గీతలతో ఒక పిల్ల నిలబడి మగాళ్ళకి పనులు పురమాయిస్తోంది. ఆ పిల్లని గున్నమ్మ నోరు తెరుచుకుని చూసింది.

జబ్బు కాగితం ఉన్నవాళ్ళని ఎక్కే ముందు ఓడ డాక్టరు చూడాలన్నారు. కుర్రాడు. నవ్వుతూ గున్నమ్మ చెయ్యి పట్టుకున్నాడు. నవ్వు ఆగింది. మళ్ళీ లెక్కపెట్టాడు. బల్ల మీద పడుకోబెట్టి గుండెకి తీగలు పెట్టించాడు. యంత్రంలోంచి వచ్చిన కాగితం చూసి, "ఈమెకి పొద్దున్నుంచి ఏమిచ్చారు?" అన్నాడు. రాణి చెప్పింది. డాక్టరు అంబులెన్సుకి ఫోను చేశాడు.

"బాబూ, ఒక్క మాట" అంది గున్నమ్మ. నాలుక మందమై మాట ముద్దగా వచ్చింది. "ఎక్కను. ఎల్లను. ఆ మొదటి మెట్టు మీద ఒక్కపాలి కాలెట్టి వచ్చేస్తాను. అంతే. నీ కాళ్ళు మొక్కుతాను."

"కదలకూడదమ్మా. కదిలితే గుండె ఆగిపోవచ్చు."

గున్నమ్మ విన్లేదు. బల్ల మీంచి లేచి కాళ్ళు కింద పెట్టింది. ఆ కాళ్ళు నిలవలేదు. కొత్త చెప్పులతో సహా నేల మీద పడింది. మెట్ల దారి అక్కడి నుంచి కనిపిస్తూనే ఉంది. చెయ్యి చాపింది కూడా. ఇద్దరు మనుషులు ఎత్తి స్ట్రెచరు మీద వేసి పట్టీలు బిగించారు.

వినోద్ తెల్ల టోపీతో, తెల్ల అంగరఖాతో పరుగెత్తుకొచ్చాడు. చేతిలో మూతపెట్టిన గిన్నె ఉంది. "అమ్మా, సొరకాయ రెండుసార్లు వార్చానే... ఉప్పెయ్యనేదు..." అంటూ గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పైనుంచి ఎవరో వాడిని పేరు పెట్టి కేకేశారు. ఓడ బయల్దేరే వేళ అయింది. వాడు వెళ్ళకపోతే ఉద్యోగం ఉండదు. గిన్నె రాణి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

సూరయ్య ఓడ వైపు చూశాడు. స్ట్రెచరు వైపు చూశాడు. మళ్ళీ ఓడ వైపు చూశాడు.

"ఇద్దరం ఉండి ఏటి సేస్తాం? నువ్వున్నావు కదా" అన్నాడు కూతురితో. "పేరు రాసేసినారు. గది ఊరికే పోతాది."

రాణి తండ్రి మొహం మీద ఉమ్మెయ్యాలనుకుంది. ఉమ్మలేదు. దగ్గరికెళ్ళాలంటే తల్లి చెయ్యి వదలాలి కదా. పట్టీల మధ్య పడుకున్న గున్నమ్మ, మొగుడు మెట్ల దారి దగ్గర చెప్పులు విప్పడం చూసింది. పడవెక్కేటప్పుడు చేసినట్టే వంగి మొదటి మెట్టుని తాకి కళ్ళకద్దుకున్నాడు. అంత భక్తి గల మనిషి. తర్వాత చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కిపోయాడు, వెనక్కి తిరగలేదు.

గున్నమ్మ చావలేదు. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు, విశాఖపట్నం ఆస్పత్రిలో సూదుల మీద సూదులు పొడిచి, మిషనెక్కించి బతికించారు. రెండు రోజుల తర్వాత తెలివొచ్చినప్పుడు ఆమె అడిగిన మొదటి మాట, "ఓడొచ్చేసిందేటి?" వచ్చేసిందని రాణి చెప్పింది. గున్నమ్మ కళ్ళు మూసుకుంది. ఇక ఏ డాక్టరూ ఆమెకి అలాంటి కాగితం రాసివ్వడు. కంపెనీ వాళ్ళు వినోద్‌ని మందలించి, ఇంకెప్పుడూ జబ్బు మనుషుల్ని తేవద్దన్నారు. ఒక ఊరు మొత్తం కలిసి చెయ్యలేని పనిని మూడు చిప్పలు చేసిపెట్టాయి. ఇక ఆమె జన్మకి నీటి మీద ప్రయాణం లేదు.

మళ్ళీ టెక్కలి, మళ్ళీ అదే మంచం. లీలారాణి సూది గుచ్చుతూ, "ఒట్టేసినావు కదమ్మా" అంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదని గున్నమ్మకి అనిపించింది.

ఆ బుధవారం సూరయ్య ఆస్పత్రికి వచ్చాడు. ఇన్నాళ్ళలో ఎన్నడూ రానివాడు, వాసన పడనివాడు, ఓడలో ఇచ్చిన కొత్త టోపీ పెట్టుకుని వచ్చాడు. గున్నమ్మని చూడ్డానికి అనుకుంటే పొరపాటు. ఊళ్ళో చెప్పవలసినవాళ్ళందరికీ చెప్పేశాడు, ఇక వినేవాళ్ళు లేరు. ఇక్కడ మంచాల నిండా కదలలేని మనుషులున్నారు. స్టూలు లాక్కుని కూర్చుని మొదలుపెట్టాడు. ఓడలో మెత్తటి పరుపులు. తెల్లారకముందే కాఫీలు. రొయ్యలే నాలుగు రకాలు. రాత్రి మేడ మీద నిలబడితే నాలుగు పక్కలా నీళ్ళే, ఒడ్డనేది అగుపడదు. పక్క మంచాల వాళ్ళు గొంతులు తడారిపోయి, "మరింకేటి సూసినావు, ఇంకేటి పెట్టినారు" అని అడుగుతున్నారు.

గున్నమ్మ చాలాసేపు పైకప్పు చూస్తూ విన్నది. తర్వాత అడిగింది.

"మావా, ఓడలో ఆడోల్లున్నారా?"

"ఎందుకుండరు? సగమ్మంది ఆడోల్లే. ఓడ నడిపేసోట కూడా ఒక ఆడపిల్లే నిలబడింది. మొగోల్లంతా దాని మాటే ఇంతన్నారు. సూత్తే నవ్వొచ్చింది."

"మరి ములగనేదేటి?"

సూరయ్యకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక టోపీ తీసి, తల గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నాడు. పక్క మంచాల వాళ్ళు కూడా మాట ఆపి చూస్తున్నారు. నలుగురిలో అడిగింది, జవాబు చెప్పాలి కదా.

"నువ్వెక్కనేదు కదే" అన్నాడు. "అందికే ములగనేదు. గంగమ్మోరికి తెల్దేటి, ఎవుల్ని ఎక్కనియ్యాలో?"

మంచాల మీద ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఒకాయన, "నిజమే, తల్లి మహిమ" అన్నాడు. గున్నమ్మకి లేచి పోవాలనిపించింది. ఆ మనిషి గొంతు వినపడని చోటికి, ఎక్కడికైనా, నడిచి పోవాలనిపించింది. చేతికి రెండు సూదులున్నాయి. ఒంట్లో రక్తమంతా గొట్టాల్లోంచి మిషనులోకి పోయి వస్తోంది. కదిలితే సూది ఊడిపోతుందని లీలారాణి దూరం నుంచే చెయ్యి చూపించింది.

సూరయ్య స్టూలు ఇంకాస్త ముందుకి జరుపుకుని, రెండో రోజు పొద్దున్న ఓడలో ఏం పెట్టారో చెప్పడం మొదలుపెట్టాడు. మిషను ఆగడానికి ఇంకా చాలా సేపుంది.